ఆ బొమ్మ ఎవరిది?

"ఏటి బాబూ, నా బొమ్మ ఎంతకమ్మీసినావు?"

మా తమ్ముడి స్టూడియో గుమ్మంలో నిలబడి ఆవిడ అడిగిన ఈ మాట నా చెవుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ రోజు నేను పుట్టింటికి నౌపడ వెళ్లాను. అమ్మ పంపిన కాఫీ ఫ్లాస్కు తీసుకుని స్టూడియోలో అడుగుపెట్టానో లేదో, ఈ గొడవ.

ఆవిడ ఉప్పు మడుల్లో కూలికి వెళ్తుంది. మా నౌపడ ఉప్పు సంగతి మీకు తెలిసే ఉంటుంది. రైల్లో వస్తుంటే కిటికీలోంచి తెల్లగా కుప్పలు కనబడతాయే, అదే మా ఊరు. మావాడికి పెళ్లిళ్లు లేని రోజుల్లో కెమెరా భుజాన వేసుకుని తిరగడం అలవాటు. శీతాకాలమైతే తేలినీలాపురం వెళ్లి గూడబాతుల్నీ ఎర్రకాళ్ల కొంగల్నీ తీస్తాడు. ఎండాకాలమైతే ఉప్పు మడులు. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో ఓ మధ్యాహ్నం, తట్ట పక్కన పెట్టి, ఉప్పు కుప్పకు చేరగిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని సేద తీరుతున్న ఈవిడను అడిగే తీశాడు. ఆ ఫొటో చాలా బాగా వచ్చింది. మూల చిన్న అక్షరాలతో తన పేరు వేసుకుని తన పేజీలో పెట్టుకున్నాడు. అందరూ మెచ్చుకున్నారు. అక్కడితో కథ అయిపోయిందనుకున్నాం.

అవలేదు. ఎవరో విరాళాలు పోగుచేసే వాళ్లు ఆ ఫొటో తీసుకున్నారు. ఉప్పు కుప్పను కోసేశారు. దాంతోపాటు మూలనున్న మావాడి పేరూ పోయింది. మిగిలింది ఏమిటి? వాడిన ముఖం, నడుం మీద చెయ్యి. కింద 'ఉద్దానం కిడ్నీ బాధితురాలు, ఆదుకోండి' అని రాసి, డబ్బు పంపే నంబరు వేశారు!

ఉద్దానంలో కిడ్నీ జబ్బు నిజం. ఆ ఊళ్ల కష్టం నిజం. 2023 డిసెంబరులో పలాసలో దానికోసం ప్రత్యేకంగా ఆసుపత్రే తెరిచారు. జబ్బు ఎందుకొస్తోందో డాక్టర్లకే ఇంకా పూర్తిగా అంతుపట్టలేదు. అంతుపట్టని జబ్బంటే జనానికి భయం ఎక్కువ. ఆ ఊళ్లతో వియ్యమందడానికి వెనకాడే వాళ్లున్నారన్నది మా వైపు తల్లులందరికీ తెలిసిన సంగతే. ఈవిడకో కూతురుంది. నరసన్నపేట వైపు నుంచి సంబంధం దాదాపు కుదిరింది. ఇంతలో మగపెళ్లివారి ఫోన్‌లోకి ఈ బొమ్మ వచ్చింది. "తల్లికే ఉంటే పిల్లకు రాదని నమ్మకమేమిటి?" అన్నారట.

"నాకేటి రోగం నేదు బాబూ. రోజూ తట్ట మోస్తన్నాను కదా!" అంటూ ఏడ్చేసింది ఆవిడ.

తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పైసా ముట్టలేదని చెబితే మాత్రం ఆవిడ ఎలా నమ్ముతుంది? తీసింది వీడేనాయె!

ఆ సాయంత్రం నుంచీ వాడు పడ్డ పాట్లు దగ్గరుండి చూశాను కనుక చెబుతున్నాను. ముందు ఆ పోస్టు కిందే 'ఇది నా ఫొటో, తీసేయండి' అని రాశాడు. రాసిన మాట తీసేసి, వీడినే రానీయకుండా చేశారు. విడిగా సందేశం పెడితే, నెట్‌లో దొరికింది, మంచిపనికే వాడుకున్నాం కదా అని జవాబు. నెట్‌లో దొరికిందట! దారిలో మేస్తున్న మేక కనబడితే తోలుకుపోతామా?

తర్వాత మాకు తెలిసిన ఓ లాయరు గారు దారి చూపించారు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినవారే దానికి కర్త. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా నొక్కిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. తీసినవారు బతికున్నంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్ల దాకా ఆ హక్కు చెల్లుతుంది. తన పేరు వేయమని అడిగే హక్కు, పరువు పోయేలా ఫొటోను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు వేరే ఉన్నాయి. తెలిసి తెలిసి వాడుకుంటే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టగల నేరమేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది కూడా. ఫొటో కనబడుతున్న వెబ్‌సైట్ వాళ్లకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 36 గంటల్లో దాన్ని ఆపాలని 2013 నాటి నిబంధనలున్నాయి. అయితే 21 రోజుల్లోగా మనం కోర్టు ఉత్తర్వు తేలేకపోతే వాళ్లు మళ్లీ పెట్టుకోవచ్చు. పల్లెటూరి స్టూడియో వాడికి 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వా? చట్టం చేసినవాళ్లు కాస్త ఆలోచించాల్సిన విషయమిది.

మావాడి దగ్గర కుప్పతో సహా అసలు ఫొటో, తీసిన తేదీ, ఆ వరసలో ముందూ వెనకా తీసిన పది ఫొటోలూ ఉన్నాయి. అవే సాక్ష్యం. ఫొటోగ్రాఫర్లున్న ఇళ్ల ఆడవాళ్లు ఇది గుర్తుంచుకోండి, చోటు చాలడం లేదని పాత కార్డులు చెరిపెయ్యనివ్వకండి. ఫిర్యాదు పెట్టిన మూడో రోజుకి పోస్టు పోయింది. అబద్ధపు విరాళాల సంగతి సైబర్ క్రైం వాళ్లకు రాశాం. కానీ అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లోకి పాకిపోయిన వాటిని ఎవరు పట్టుకొస్తారు?

పెద్దపెద్ద సంస్థలు కూడా ఇందుకు అతీతం కావు. 2010 జనవరిలో హైతీ భూకంపాన్ని డేనియల్ మోరెల్ అనే ఫొటోగ్రాఫర్ ప్రాణాలకు తెగించి తీసి ట్విట్టర్ ద్వారా పంచుకున్నాడు. వాటిని ఇంకొకడు తనవని పెట్టుకుంటే, అక్కడినుంచి తీసుకుని ఏఎఫ్‌పీ వార్తాసంస్థ, గెట్టీ ఇమేజెస్ ప్రపంచమంతా పంచాయి. పైగా మోరెల్ మీదే ముందు కోర్టుకెక్కింది ఏఎఫ్‌పీ! చివరికి 2013 నవంబరులో అమెరికా జ్యూరీ ఆయనకు 12 లక్షల డాలర్లు ఇవ్వాలంది. అంటే దాదాపు నాలుగేళ్లు పట్టింది.

లాయరు గారు చెప్పిన మరో మాటకు మాత్రం మావాడు ఉలిక్కిపడ్డాడు. డబ్బిచ్చి మనం తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందమేదీ లేకపోతే, హక్కు మనదే. స్టూడియోది కాదు. అంటే మీ అమ్మాయి పెళ్లి ఫొటోను స్టూడియో వాళ్లు ప్రకటనకు వాడుకోవాలంటే మిమ్మల్ని అడగాలన్నమాట. నేను వాడి పేజీ తెరిచి చూశాను. వరసగా పెళ్లికూతుళ్లు! "వీళ్లందర్నీ అడిగావుట్రా?" అన్నాను. తల వంచుకున్నాడు. ఆ రాత్రే సగానికి పైగా తీసేశాడు.

వాడినొక్కడినే అనడమెందుకు, నా సంగతి చెప్పనా? నా కథొకటి పేరు లేకుండా వాట్సాప్‌లో తిరిగి తిరిగి నా దగ్గరకే వస్తే రెండు రోజులు అన్నం సయించలేదు. అదే నేను, పోయిన సంక్రాంతికి బంధువులందరికీ పంపిన శుభాకాంక్షల మీద ఎవరిదో ముగ్గు ఫొటో వాడుకున్నాను. తీసిందెవరో వెతకాలన్న ఆలోచనే రాలేదు. ఫొటోను గూగుల్లో పెట్టి వెతికితే మొదట ఎక్కడ కనబడిందో చాలాసార్లు తెలుస్తుందని తమ్ముడు చూపించాకే తెలిసింది. మనం వంటింట్లో కూచుని 'పాపం' అనుకుంటూ పంపే బొమ్మలెన్నో! ఆ ఉప్పు మడుల ఆవిడ బొమ్మను కూడా పాపమనే పంపి ఉంటారు, మనలాంటి వాళ్లే.

ఇంకో చిక్కు ఉంది. ఫొటో హక్కు మావాడిది, సరే. అందులో ఉన్న ముఖం? గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కానీ ఫిర్యాదు ఫారంలో ఆవిడ పేరు రాసే గడే లేదు. 'హక్కుదారు' అన్నచోట మావాడి పేరు, కిందా మావాడి సంతకమే. పెళ్లి ఆగింది మాత్రం ఆవిడ ఇంట్లో. తమ్ముడు తీసేముందు అడిగాడు నిజమే. "ఊరంతా చూస్తుంది, పరవాలేదా?" అని అడగలేదు. అది వాడి తప్పే అంటాను నేను. ఈ విషయంలో అక్కాతమ్ముళ్లం రెండు రోజులు మాట్లాడుకోలేదు.

చివరికి అసలు ఫొటోను ఉప్పు కుప్పతో సహా పెద్దదిగా వేయించి, ఊరి పెద్దనొకాయన్ని వెంటబెట్టుకుని వాడే నరసన్నపేట వెళ్లాడు. కోసిన బొమ్మా, కోయని బొమ్మా పక్కపక్కనే పెట్టి చూపించాడు. వాళ్లు చాలాసేపు చూశారట. ఆషాఢం వెళ్లాక కబురు చేస్తామన్నారు.

తిరిగి వస్తూ ఆ ఫొటోకు ఫ్రేము కట్టించి ఆవిడకే ఇచ్చాడు. చీరచెంగుతో అద్దం తుడిచి, కాసేపు తనను తాను చూసుకుని, మూలనున్న అక్షరాల మీద వేలు పెట్టి అడిగిందట ఆవిడ:

"ఇదేటి బాబూ, నా బొమ్మ మీద నీ పేరు?"