ముసుగు సీసాకే, మాటకి కాదు

పేరు దాచేస్తే న్యాయం దానంతటదే జరిగిపోతుందని నమ్మేవాళ్ళు మన సాహిత్యరంగంలో చాలామందే ఉన్నారు. ఏ కథల పోటీ ప్రకటనైనా చూడండి. రాతప్రతి మీద రచయిత పేరు ఉండకూడదు, హామీపత్రం విడిగా జతచెయ్యాలి. విశ్వవిద్యాలయ పత్రికలకి పరిశోధనా వ్యాసం పంపినా ఇదే పద్ధతి. బహుమతుల్లో ఆడవాళ్ళు ఇంత తక్కువమంది ఎందుకున్నారని అడిగితే "మేం పేర్లే చూడలేదమ్మా, రచన చూశాం" అంటారు. ఆ ఒక్క మాటతో మనం నోరు మూసుకోవాలి. మూసుకోనక్కర్లేదని చెప్పటానికే ఈ వ్యాసం. అయితే నా సాక్ష్యం సాహిత్యం నుంచి కాదు, ఫ్రెంచి ఎర్ర వైన్ నుంచి. పేరు దాచి తీర్పు చెప్పటాన్ని అంత మడిగా, అంత తంతుగా జరిపే చోటు నేనింకొకటి ఎరగను.

వైన్ అనగానే కొందరు మిత్రుల కనుబొమలు ముడిపడతాయని తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన నేల మనది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత, అన్నీ మన కళ్ళ ముందు జరిగినవే. ఆ ఆడవాళ్ళు కొట్లాడింది ఇంటికి రాని కూలిడబ్బు గురించి, ఒంటిమీద పడ్డ దెబ్బల గురించి. పన్నెండుమంది చందాలేసుకుని నెలకోసారి ఎనిమిది సీసాలు పంచుకుని, అందులోనూ సగం బకెట్లో ఉమ్మేసే వ్యవహారాన్ని ఆ పోరాటం పక్కన పెట్టి సమర్థించుకునే పని నేను చెయ్యను. నాకిక్కడ కావలసింది తాగటం కాదు, తీర్పు చెప్పటం.

మిషిగన్‌లో మేముండే యాన్ ఆర్బర్‌లో అలాంటి గుంపు ఒకటుంది. ఎనిమిదిమంది మగవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళం. సీసాలకి గోధుమరంగు కాగితం సంచులు తొడిగి, మెడ దగ్గర బిగించి, పైన అంకెలు రాస్తారు. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. రంగు చూసి, వాసన చూసి, పుక్కిలించి, కాగితం మీద రాసుకోవాలి. తర్వాత చర్చ. చిట్టచివర సంచులు తీస్తారు. దీన్ని ఇంగ్లీషులో బ్లైండ్ టేస్టింగ్ అంటారు. తెలియనితనానికల్లా 'గుడ్డి' అనే మాట అంటగట్టటం నాకిష్టం లేదు కాబట్టి నేను ముసుగు రుచి అంటాను.

ముసుగు దండగని నేననటం లేదు. ముసుగు లేకపోతే ఏమవుతుందో 1855 చెప్తుంది. ఆ ఏడు పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్ దళారులు అక్కడి ఎర్ర వైన్లని అయిదు తరగతులుగా విడగొట్టారు. దానికోసం ఎవరూ వైన్లన్నీ వరసగా పెట్టుకుని రుచి చూడలేదు. ఏళ్ళ తరబడి ఏది ఎంత ధర పలికిందో ఆ లెక్క చూసి చీటీ రాశారు. మూతోన్-రోత్‌షీల్డ్‌ని 1973లో రెండో తరగతి నుంచి మొదటికి ఎక్కించటం తప్పిస్తే ఆ కులవ్యవస్థ దాదాపు అలాగే ఉంది. ఇక ముసుగు వేస్తే ఏమవుతుందో 1976 మే 24 చెప్పింది. పారిస్‌లో తొమ్మిదిమంది ఫ్రెంచి నిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూసి, కాలిఫోర్నియా నుంచి వచ్చిన 1973 స్టాగ్స్ లీప్ ఎర్ర వైన్‌ని 1970 మూతోన్ కంటే, 1970 ఓ-బ్రియోన్ కంటే పైన పెట్టారు. సంచిలోంచి సీసా బయటికొచ్చాక గదిలో ఏమయ్యుంటుందో ఊహించుకోవచ్చు.

అయితే ఆ కథ చెప్పే తీరు చూడండి. దాన్ని స్టీవెన్ స్పరియర్ జరిపిన పోటీ అంటారు. అసలా ఆలోచన తెచ్చింది ఆయనతో పనిచేసిన పట్రీషియా గాలహర్. ముందుగా కాలిఫోర్నియా వెళ్ళి ఆ వైన్లు చూసొచ్చింది కూడా ఆమే. తొమ్మిదిమంది నిర్ణేతల్లో ఒకే ఒక్క స్త్రీ ఓదెత్ కాన్, ఫ్రాన్స్‌లో పేరున్న వైన్ పత్రిక సంపాదకురాలు. అంత పాండిత్యమున్న మనిషి ఇవాళ ఎందుకు గుర్తుందయ్యా అంటే, ఫలితం చూసి తన మార్కుల కాగితం తనకి తిరిగిచ్చెయ్యమని అడిగిందట, అందుకు. సీసాల పేర్లు దాచినచోట మనుషుల పేర్లు మాత్రం ఎప్పటిలాగే సర్దుకున్నాయి.

ఇప్పుడు మా గుంపు సంగతి. ఒక నెల పొయాక్ ఊరి వైన్లు పెట్టారు. ఎనిమిదింట్లో రెండు పిషోన్‌లున్నాయని మాత్రం ముందే చెప్పారు, ఏ సంచిలోనో చెప్పలేదు. ఈ పిషోన్‌ల పుట్టుక వినదగ్గది. 1850లో ఆ తోట యజమాని చనిపోతే ఆస్తి అయిదుగురు పిల్లలకి పంచారు. ఇద్దరు కొడుకుల వాటా పిషోన్ బారోన్ అయింది. ముగ్గురు కూతుళ్ళ వాటా పిషోన్ కొంతెస్ అయింది. రోడ్డుకి అటొకటి, ఇటొకటి. రెండూ 1855 జాబితాలో రెండో తరగతే. పుస్తకాలు చదివిన ప్రతివాడూ చెప్పే మాట ఏమిటంటే బారోన్ 'పురుష' వైన్, కొంతెస్ 'స్త్రీ' వైన్ అని. కొడుకులు పంచుకున్న మట్టికి మీసాలొచ్చాయి, కూతుళ్ళు పంచుకున్న మట్టికి గాజులొచ్చాయి! శాస్త్రీయంగా వివరించేవాళ్ళూ ఉన్నారు. కొంతెస్‌లో మెర్లో ద్రాక్ష వాటా ఎక్కువ, మెర్లో మెత్తన, కాబెర్నే గట్టిది అని. కొన్ని దశాబ్దాలు అది నిజమే. కానీ ఇటీవలి సంవత్సరాల్లో కొంతెస్‌లో కాబెర్నే వాటా బాగా పెరిగింది. విశేషణం మాత్రం మారలేదు. ఇంకో సంగతి. 1978 నుంచి 2007 దాకా ఆ 'సుకుమారి'ని నడిపింది మే-ఎలియాన్ ద లాంకెసాంగ్. ఆమెకి అక్కడివాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు 'జనరల్'.

ఆ రోజు మూడో సంచి చుట్టూ మావాళ్ళు కవులైపోయారు. పట్టుబట్ట, నడుము, మెట్లు దిగుతున్న రాణి. "ఇది కచ్చితంగా కొంతెస్" అన్నారు అయిదుగురు. ఆరో సంచికి విశాలమైన భుజాలొచ్చాయి, గుండీలన్నీ పెట్టుకున్న సైనికుడి కోటు వచ్చింది. సంచులు తీశారు. మూడు బారోన్. ఆరు కొంతెస్. నేను ఎదురుచూసింది ఆ తర్వాతి నిమిషం కోసం. ఇప్పుడైనా ఆ మాటలు ఎందుకూ పనికిరావని ఒప్పుకుంటారనుకున్నారా? మా నిర్వాహకుడు, రిటైరైన ఇంజినీరు, నెమ్మదిగా నవ్వి "ఈ సంవత్సరం బారోన్ తన ఆడతనం బయటపెట్టుకున్నాడు, కొంతెస్ ప్యాంటు తొడుక్కుంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రుజువు ఎదురు తిరిగినా సిద్ధాంతానికి దెబ్బ తగలదు. మెత్తగా ఉంటే ఆడ, ఆడదని తెలిసీ గట్టిగా ఉంటే మగవేషం వేసిన ఆడ. ఈ తర్కం మీకెక్కడా వినపడలేదంటే మీరు మన పుస్తక సమీక్షలు చదవటం లేదన్నమాట.

నేనేం రాసుకున్నానో చెప్తాను. మూడుకి: నేరేడుపండు, నాలుక పక్కల సన్నటి వగరు, చివర్లో అప్పుడే చెక్కిన పెన్సిల్. ఆరుకి: వక్క నమిలినంత వగరు, ఎక్కువసేపు నిలిచే పులుపు, చుట్ట వాసన. తెలుగులో వగరు అనే ఒక్క మాటుంది చూడండి, దానికోసం ఇంగ్లీషువాళ్ళు నాలుగు వాక్యాలు ఖర్చుపెడతారు. చుట్ట వాసన అన్నప్పుడు నిర్వాహకుడు సంతోషించాడు. పొయాక్ వైన్లకి 'సిగార్ పెట్టె' అనేది శాస్త్రప్రకారం ఉండాల్సిన లక్షణం. "అదే, ఆ పురుష లక్షణం" అన్నాడు. ఆయనకి సిగారంటే తోలు కుర్చీలు, మగవాళ్ళ క్లబ్బు. నాకు మా శ్రీకాకుళం వైపు ముసలమ్మలు, నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టే ఆడవాళ్ళు. ఒకే వాసన. దాన్ని మగవాడని పిలవాలని ఎవరు నిర్ణయించారు? ఆ విషయం చెప్తే అది "నా వ్యక్తిగత జ్ఞాపకం" అన్నారు. వాళ్ళ క్లబ్బు మాత్రం ప్రమాణం.

ఇదేదో మా ఒక్క గుంపు చాదస్తం కాదు. బర్గండీలో వోల్నే ఆడది, పక్క ఊరు పొమ్మార్ మగవాడు. షాంబోల్ ఆడది, జెవ్రే మగవాడు. రంగుని ఫ్రెంచిలో గౌను అంటారు. వైన్‌కి 'తొడ' ఉందనటం ఒక పొగడ్త. గ్లాసు లోపల జారే చారల్ని ఇంగ్లీషువాళ్ళు కాళ్ళంటారు, ఫ్రెంచివాళ్ళు కన్నీళ్ళంటారు. ఆ కాళ్ళూ ఆ కన్నీళ్ళూ ఎవరివో అడగక్కర్లేదు. వైన్ నిండా ఇలా ఆడదాన్ని నింపినవాళ్ళే అసలు ఆడమనిషిని వైన్ దగ్గరికి రానివ్వలేదు. ముట్టయిన స్త్రీ తాకితే కొత్త వైన్ పులిసిపోతుందని మొదటి శతాబ్దంలోనే రోమన్ పండితుడు ప్లినీ రాశాడు. ఫ్రాన్స్‌లో వైన్ కొట్లలోకి ఆడవాళ్ళని రానివ్వకపోవటానికి ఈ నమ్మకాన్ని చాలాకాలం వాడుకున్నారు. మన ఆవకాయ జాడీ గుర్తొచ్చిందా? తోటలోనూ అంతే. తీగె కత్తిరించటం నైపుణ్యమున్న మగపని. కత్తిరించిన పుల్లలు ఏరటం, తీగెలు కట్టటం ఆడపని, కూలీ తక్కువ. మనకి దుక్కీ, నాట్లూ ఎలాగో అలాగ.

మాట నాలుకని ఎంతగా నడిపిస్తుందో 2001లో అచ్చయిన ఒక ప్రయోగం చూపించింది. బోర్డోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి ఒక తెల్ల వైన్ ఇచ్చారు, అదే తెల్ల వైన్‌ని వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. వాసన వర్ణించమంటే, రంగు కలిపినదానికి ఎర్ర వైన్ల మాటలు రాశారు. వాళ్ళు అబద్ధమాడలేదు. కంటికి ఎర్రగా కనపడగానే మాటల పెట్టె మారిపోయింది, ముక్కు దాని వెనక నడిచింది. సంచి ఆ పెట్టెని దాచలేదు. 'స్త్రీ వైన్' అనే మాట కూడా అలాంటి రంగే, ఎన్ని సంచులు తొడిగినా లోపలే ఉంటుంది.

అమెరికాలో ఆర్కెస్ట్రాల వాళ్ళు 1970ల నుంచి వాయించేవాళ్ళ ముందు తెర కట్టటం మొదలుపెట్టారు. ఆడవాళ్ళ మడమల చప్పుడు వినపడకుండా కొన్నిచోట్ల తివాచీ కూడా పరిచారు. ఆ తివాచీ పరిచినవాళ్ళకి సమస్య ఎంత లోపలిదాకా ఉందో కొంచెమైనా తెలుసు. మన సాహిత్య పోటీల్లో తెర వరకే వచ్చాం.

ఎందుకంటే మన మాటల పెట్టె కూడా తక్కువదేం కాదు. కావ్యాన్ని కన్య అన్నాం. అంకితం పుచ్చుకున్నవాడిని కృతిభర్త అన్నాం. కవి తండ్రి, రాజు అల్లుడు. ఇంత కన్యాదానం జరిగిన భాషలో రాతప్రతి మీద పేరు కొట్టేస్తే చాలు, చదివేవాడి చూపు శుభ్రమైపోతుందట! పేరులేని కథ ఒకటి వంటింట్లో మొదలైతే 'ఇంటి పరిధి దాటలేదు' అంటారు. అదే పేరులేని కథ సారాకొట్టు దగ్గర మొదలైతే 'జీవితాన్ని ఒడిసిపట్టింది'. గొంతు పెంచితే 'నినాదం', తగ్గిస్తే 'సున్నితం'. ఈ నాలుగు మాటలూ ఏ పేరూ చూడకుండానే రాయొచ్చు. ఆడ శైలిని కళ్ళు మూసుకుని పట్టేస్తామనేవాళ్ళకి నాదొక ప్రశ్న. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు 'పురాణం సీత' పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' రాశారు. బీనాదేవి అనే పేరు వెనక భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. వీటిలో ఏ వాక్యం ఆడది, ఏది మగది? సంచి తొడిగి చెప్పండి.

నేను మా గుంపులో ఒక ప్రతిపాదన పెట్టాను. ఒక్క నెల ఆడ, మగ, రాణి, సైనికుడు, నడుము, భుజం, ఇవేవీ వాడకుండా మాట్లాడదామని. "అయితే ఇంక కవిత్వం ఏం మిగిలింది?" అన్నాడు ఒక డాక్టరు గారు. నలుగురు ఆడవాళ్ళలో ఒకావిడ కూడా నన్నే తప్పుపట్టింది, "ప్రతిదాంట్లో నీకిదే గొడవా" అని. ఎలాగో ఒప్పుకున్నారు. మొదటి సీసాకి చాలాసేపు గది నిశ్శబ్దం. నిజంగా మాటల్లేవు. తర్వాత ఎవరో తడిసిన రాతినేల అన్నారు. ఇంకెవరో వాళ్ళ నానమ్మ పెట్టిన రేగిపళ్ళ లాంటి ఏదో పండు జామ్ గురించి, అది అడుగంటిన వాసన గురించి చెప్పారు. నన్ను తప్పుపట్టినావిడ పులుపు గురించి చెప్పినంత వివరంగా ఆ గుంపులో ఎవరూ ఎప్పుడూ చెప్పగా వినలేదు. డాక్టరు గారు మాత్రం రెండు మాటలు రాసి ఊరుకున్నారు: "బాగుంది, గట్టిగా ఉంది." ముప్పయ్యేళ్ళ అనుభవం ఆయనది.

రెండో ప్రతిపాదన నెగ్గలేదు. సంచుల్లోకి ఏ సీసాలు వెళ్ళాలో అందరం కలిసి నిర్ణయిద్దామన్నాను. ఎప్పుడూ 1855 జాబితాలోవేనా, దక్షిణాన లాంగ్‌డాక్ రైతు సహకార సంఘాలవాళ్ళు చేసే ఎర్ర వైన్ ఒక్కటైనా ఎందుకుండకూడదు అన్నాను. "ప్రమాణాలు పడిపోతాయి" అన్నాడు నిర్వాహకుడు. ధరల చీటీ చూసి రాసిన జాబితా అది! సంచి తొడిగేముందే తీర్పు సగం అయిపోయింది, తొడిగాక మాటలతో మిగతా సగం.

కాబట్టి పోటీల నిర్వాహకులని, పత్రికల సంపాదకులని, పరిశోధనా వ్యాసాలకి తీర్పరులుగా కూర్చునే ఆచార్యులని నేనడిగేది చిన్న విషయం. పేర్లు దాచామని చెప్పకండి, నమ్ముతున్నాం. ప్రతి రచన పక్కన మీరు రాసుకున్న మాటలుంటాయి కదా, పక్కన పెట్టేసినవాటికి రాసిన రెండు మూడు ముక్కలతో సహా. ఓదెత్ కాన్ వెనక్కిమ్మన్న కాగితం లాంటివే అవి. స్పరియర్ ఆమెకి ఇవ్వలేదు కాబట్టే ఎవరు దేనికెంత వేశారో ఇవాళ లెక్క చూసుకోగలుగుతున్నాం. మీ కాగితాలు కూడా అచ్చెయ్యండి.