మౌఖికం చాటున మెలిక

కేంద్రీయ విద్యాసంస్థల ప్రవేశాలలో వెనుకబడిన తరగతులకు 27 శాతం కోటా కల్పించిన 2006 నాటి చట్టాన్ని సుప్రీంకోర్టు 2008లో సమర్థించింది. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం సరేసరి. కాగితంపై లెక్క సవ్యంగానే ఉంది. పిహెచ్‌.డి. ప్రవేశాల దగ్గరకు వచ్చేసరికే అది తప్పుతోంది. ఒక శాఖలో రెండే సీట్లుంటే వాటిలో 27 శాతం ఒక్క సీటు కూడా కాదు. శాఖలన్నింటినీ కలిపి లెక్కిస్తే తప్ప కోటాకు అర్థం లేదు.

అంతకు మించిన మెలిక మౌఖిక పరీక్షలో ఉంది. జవహర్‌లాల్‌ నెహ్రూ విశ్వవిద్యాలయంలో రాత మార్కులకూ, మౌఖికం మార్కులకూ మధ్య కనిపించిన వ్యత్యాసం సామాజిక వర్గాలపట్ల వివక్షను సూచిస్తోందని నఫే కమిటీ 2016లో తేల్చింది. మౌఖికం వాటాను 30 నుంచి 15కు తగ్గించాలంది. యూజీసీ చేసింది అందుకు పూర్తిగా విరుద్ధం! రాతపరీక్షను అర్హతకే పరిమితం చేసి, ఎంపికను ఇంటర్వ్యూకు అప్పగిస్తూ అదే ఏడాది నిబంధనలు తెచ్చింది. నిరసనలు చెలరేగాక 2018లో 70, 30 నిష్పత్తికి దిగివచ్చింది. తగ్గించమన్న 30 మాత్రం చెక్కుచెదరలేదు.

2022 నిబంధనలలోనూ జేఆర్‌ఎఫ్‌ సాధించిన వారిని ఇంటర్వ్యూ ఆధారంగానే చేర్చుకునే వీలు కల్పించారు. జాతీయ పరీక్షలో నెగ్గిన దళిత విద్యార్థి భవితవ్యాన్ని కొద్ది నిమిషాల సంభాషణ తేల్చడం ఏ ప్రతిభకు కొలమానం? మౌఖికం వాటాను 15కు కుదించి, అభ్యర్థులందరి రాత, మౌఖికం మార్కులను పక్కపక్కనే ప్రకటించడానికి యూజీసీకి అభ్యంతరం దేనికి?