నొప్పి తెలియని చేయి

కుష్ఠు వస్తే వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని చిన్నప్పుడు మేమూ నమ్మాము. అప్పట్లో చాలామంది వైద్యులూ అలాగే అనుకునేవారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఆ చేతులను శ్రద్ధగా పరీక్షించి చూశారు. వేలి మాంసం బాగానే ఉంది, చచ్చిపోయింది నరం. నొప్పి తెలియదు గనుక కాలుతున్న గిన్నెను కూడా వదలకుండా పట్టుకుంటారు. కొందరికి రాత్రి ఉన్న వేలు తెల్లవారేసరికి ఉండేది కాదు. కాపలా కాస్తే తెలిసింది, ఎలుకలు కొరుకుతున్నాయి! పడుకున్నవారికి మెలకువైనా రాలేదు. అప్పటినుండి ఇంటికి వెళ్లే రోగికి ఒక పిల్లిని ఇచ్చి పంపేవారు.

ఈ క్రిమిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. క్రిమిని చంపే మందులను కలిపి వాడే పద్ధతి 1981 నుండి ఉంది. వ్యాధి రకాన్నిబట్టి ఆరు నెలలో, ఏడాదో. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మూత్రం ఎర్రబడిందనో, ఒళ్లు నల్లబడిందనో మధ్యలో మానేయకూడదు, అది మందు రంగే.

ఒంటిమీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ దూది తగిలినా తెలియకపోతే దాచుకోకండి. నొప్పి లేదు గదా అని ఊరుకుంటేనే నరం పోతుంది. చాలాకాలం క్రితం పోయిన స్పర్శ మందులతో తిరిగి రాదు. అటువంటివారు రోజూ పొలంనుండి రాగానే అరచేతులు, అరికాళ్లు వెలుతురులో చూసుకోవాలి. చూపు ఆననివారికి మనుమలు చూసిపెట్టవచ్చు.