ముందుగదిలో క్రెష్ పెడతారా?

"పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. ముందుగది ఖాళీగానే ఉంటోంది. వీధిలో ఉద్యోగాలకెళ్ళే అమ్మాయిలు పసివాళ్ళని ఎక్కడ వదలాలో తెలీక అవస్థ పడుతున్నారు. నేనే క్రెష్ పెడితే గవర్నమెంటు ఏమైనా సాయం చేస్తుందా?"

మీలో చాలామందికి ఈ ఆలోచన వచ్చే ఉంటుంది. సాయం ఉంది. కాకపోతే ఏమిస్తారో, ఏమివ్వరో ముందే తెలుసుకుంటే మెళ్ళో గొలుసు మెళ్ళోనే ఉంటుంది.

ముందు ఇవ్వనిదేమిటో చెప్తాను. 'పాల్నా' అనే పేరు వినే ఉంటారు. 2006లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైన క్రెష్ పథకమే 2022లో మిషన్ శక్తిలో చేరి పాల్నా అయింది. 6 నెలల నుంచి 6 ఏళ్ళ పిల్లల కోసం, అంగన్‌వాడీలతో కలిపి ప్రభుత్వం నడిపించే కేంద్రాలవి. మనింట్లో సొంతంగా పెట్టుకునే క్రెష్‌కి ఆ డబ్బు రాదు. "పాల్నా కింద శాంక్షన్ చేయిస్తానమ్మా, ముందో 10,000 ఇవ్వండి" అంటూ ఎవరైనా గుమ్మంలోకొస్తే మంచినీళ్ళిచ్చి పంపేయండి.

మనకి పనికొచ్చేది ముద్రా లోను. 2015లో మొదలైంది. ఇందులో మొదటి మెట్టు పేరు 'శిశు' (పేరు చూసి పిల్లల పనులకే ఇస్తారనుకోకండి, చిన్న వ్యాపారం ఏదైనా సరే). 50,000 రూపాయల వరకు ఇస్తారు. ఆస్తి తాకట్టు పెట్టనక్కర్లేదు. అలాగని ఉచితమూ కాదు. వడ్డీ ఉంటుంది, అది బ్యాంకును బట్టి మారుతుంది. దీంట్లో సబ్సిడీ లేదు. బ్యాంకుకి వెళ్ళేముందు ఆధార్, పాన్ కార్డులతో 'ఉద్యమ్' రిజిస్ట్రేషన్ చేయించుకోండి. దానికి ప్రభుత్వం పైసా కూడా తీసుకోదు.

ఇప్పుడు కాస్త లెక్క వేద్దాం. ఆరుగురు పిల్లలు, ఒక్కొక్కరికి నెలకి 3,000 అనుకుందాం. 18,000 వస్తుంది. ఆయాకి 8,000. పాలు, పళ్ళు, సబ్బులు, ఫినాయిలు, కరెంటు కలిపి 4,500. మిగిలేది 5,500. నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీ మీద 50,000 మూడేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 1,660 కట్టాలి. ఫరవాలేదే అనిపిస్తోంది కదూ?

మే నెల రానివ్వండి! టీచరమ్మల పిల్లలు మానేస్తారు. ఇంకొకరిని అమ్మమ్మగారింటికి పంపిస్తారు. ఇద్దరు తగ్గితే 6,000 పోయినట్టే. ఆయాకి జీతం ఇవ్వక తప్పదు, లేకపోతే జూన్‌లో ఆమె దొరకదు. బ్యాంకు వాయిదాకి వేసవి సెలవులుండవు. అప్పుడే చేయి గాజుల మీదికి వెళుతుంది.

అందుకే ముందు పిల్లలు, తర్వాత లోను. ఇద్దరు ముగ్గురితో, ఇంట్లో ఉన్న ఉయ్యాల, చాపలతోనే మొదలుపెట్టండి. అద్దె ఇల్లయితే ఇంటివాళ్ళని అడగండి. అత్తగారినీ అడగండి, మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే వేళకే ఏడుపులు మొదలవుతాయి మరి! ఫీజు బ్యాంకు ఖాతాలోకే వేయించుకోండి. ఏ బిడ్డ ఎప్పుడొచ్చింది, ఎవరు తీసుకెళ్ళారు అన్నది రోజూ నోటుబుక్కులో రాసి సంతకం పెట్టించుకోండి. ఒక వేసవి గడిచాక మీ నెల ఖర్చు ఎంతో మీకే తెలుస్తుంది. లోను అప్పుడు అడగండి.

పెంచుకునే దారీ ఉంది. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో క్రెష్ సౌకర్యం ఉండాలని 2017లో చట్టం తెచ్చారు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ నియమం ఉంది. సంస్థ సొంతంగా కట్టక్కర్లేదు, ప్రైవేటువాళ్ళు నడిపే ఉమ్మడి క్రెష్‌నైనా వాడుకోవచ్చని అందులో ఉంది. మీ పేటలో అలాంటి ఆస్పత్రో, కంపెనీయో ఉంటే వెళ్ళి మాట్లాడి రండి. ఒప్పందం కుదిరితే, కాయితం మీద రాయించుకున్నాకే పెద్ద గది గురించి ఆలోచించండి. ముద్రాలో రెండో మెట్టు 'కిశోర్' 5 లక్షల వరకు ఉంది.

బ్యాంకుకి వెళ్ళేటప్పుడు ఉయ్యాలలకి, పరుపులకి షాపువాళ్ళ కొటేషన్లతోబాటు ఆ నోటుబుక్కు కూడా పట్టుకెళ్ళండి. మేనేజరుగారు అడగకపోయినా తీసి బల్ల మీద పెట్టండి.