ఒకప్పటి అభిమాన గాయకులు

ఒక గాయకుని పట్ల అభిమానం ఎప్పుడు మొదలయిందో చాలామంది చెప్పగలరు. ఏ పెళ్ళి ఇంట విన్నారో, ఏ ఉర్సు రాత్రి ఆ గొంతు చెవిన పడిందో వారికి గుర్తు ఉంటుంది. ఆ అభిమానం ఎందుకు తొలగిపోయిందని అడిగితే మాత్రం తడబడతారు. చేతికి అందిన మొదటి కారణం చెబుతారు. మన ఇళ్ళలో అలా సులువుగా అందే కారణం ధర్మమే. "అది హరామ్ కదా, అందుకే మానేశాను" అంటే ఇక ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. కొందరి విషయంలో అది అక్షరాలా నిజం. అల్లాహ్ వారి త్యాగాన్ని స్వీకరించుగాక! అయితే ఈ మధ్య మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో కొన్ని కుటుంబాలతో ఈ విషయం ముచ్చటించినప్పుడు, ఆ ఒక్క మాట చాటున వేరు వేరు సంగతులు ఉన్నాయని మాకు తెలియవచ్చింది.

సంగీత వాద్యాల విషయంలో నాలుగు మజ్‌హబుల పండితులలో అత్యధికులు నిషేధం వైపే ఉన్నారు. అండలూసియాకు చెందిన ఇబ్ను హజమ్ భిన్నంగా అభిప్రాయపడ్డారు. ఇమామ్ గజాలీ తమ 'ఇహ్యా'లో సమాఅ గురించి ప్రత్యేకంగా ఒక భాగమే రాశారు. తీర్పు చెప్పడం ఈ శీర్షిక పని కాదు. అందుకు మీ ఊరి ఆలిములు ఉన్నారు. మేము మాట్లాడదలచినది మన మనసులో నుంచి దిగిపోయిన మనిషి గురించి, ఆ తరువాత అతని పట్ల మన నడవడిక గురించి.

మదనపల్లె పాటకు కొత్త ఊరు కాదు. 1919లో రవీంద్రనాథ్ టాగూరు 'జనగణమన'ను ఆంగ్లంలోకి మార్చినది ఇక్కడే. ఈ ఊరిలోని ఒక ఇంట, డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దాయన యౌవనంలో అజీజ్ నాజాన్ ఖవ్వాలీలంటే ప్రాణం పెట్టేవారు. లోకవైభవం ఎంత అస్థిరమైనదో చెప్పే 'చఢ్తా సూరజ్' ఖవ్వాలీ ఆనాటి ఉర్దూ ఇళ్ళలో వినబడని రోజు ఉండేది కాదు. అదే గొంతు 1974 నాటి 'ఫైవ్ రైఫిల్స్' చిత్రంలో తాగుబోతుల పాట ఒకటి పాడింది. జనం దానినీ నెత్తిన పెట్టుకున్నారు. పెద్దాయన కూడా మొదట్లో నవ్వుతూనే విన్నారట. తరువాత ఆయన తమ్ముడు తాగుడుకు బానిస అయ్యాడు. ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. పెళ్ళి ఊరేగింపులో బ్యాండువారు ఆ పాట ఎత్తుకుంటే, పెద్దాయన పక్క సందులోకి తప్పుకునేవారు. చివరకు మరణాన్ని గుర్తు చేసే ఆ ఖవ్వాలీని కూడా ఆయన వినలేకపోయారు. క్యాసెట్లను అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించారు.

ఇందులో ఫత్వా లేదు, గాయకునిపై ద్వేషమూ లేదు. ఇంటికి తగిలిన గాయం ఉంది. గాయకునికి ఆ సంగతి తెలియనే తెలియదు.

కథ అక్కడితో ఆగి ఉంటే మేము ఇంత రాసేవారం కాము. చాలా ఏళ్ళకు పెద్దాయన కుమారుడు ధర్మం వైపు మళ్ళాడు. నమాజుకు కట్టుబడ్డాడు, ఇంట్లో టీవీ కట్టిపెట్టాడు. ఒకనాడు అటక దులుపుతూ ఆ పెట్టె చూసి, తండ్రిని అడగకుండానే మునిసిపాలిటీ చెత్త బండిలో వేసేశాడు. తాను మంచి పనే చేశాననుకున్నాడు. తండ్రి ఒక్క మాట అనలేదు. ఆనాటి నుంచి కొడుకుతో కూర్చుని అన్నం తినడం మాత్రం మానేశారు. "ఆయన ఎలాగూ వినడం లేదు కదా!" అని కుమారుడు మాతో వాదించాడు. నిజమే, వినడం లేదు. ఆ పెట్టెను మూసినది ఆయన చెయ్యి, ఆయన దుఃఖం. దానిని బయట పారవేయడానికి ఆయన అనుమతి అవసరం లేదని ఈ అబ్బాయికి ఎవరు చెప్పారు? తల్లిదండ్రుల ఎదుట విసుగుతో చిన్న మాట అనడాన్ని కూడా దివ్యఖుర్ఆన్ వారించిందని అతనికి మేము చెప్పనక్కరలేదు. అతడే మాకంటే బాగా చదువుకున్నాడు.

పుంగనూరులో విన్నది ఇంకో తీరు. అక్కడ ఒక తల్లి మర్హూమ్ జునైద్ జంషేద్ నాఅత్‌లను పిల్లలకు జోలపాటలుగా వినిపించేది. ఆయన జీవితమే అభిమానుల రాకపోకలతో నిండినది. 1987లో వైటల్ సైన్స్ బృందంతో పాకిస్తాన్ యువతను ఉర్రూతలూగించారు. ఆ తరువాత పాప్ సంగీతాన్ని విడిచి తబ్లీగ్ బాట పట్టారు. పాత అభిమానులు "పిచ్చి పట్టింది" అన్నారు. కొత్త అభిమానులు ఆయన హమ్ద్‌లను, నాఅత్‌లను గుండెకు హత్తుకున్నారు. 2014 చివరలో ఆయన ప్రసంగం ఒకటి బయటికి వచ్చింది. అందులో విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) గురించి అన్న మాటలు ముస్లిముల మనసులను గాయపరిచాయి. ఆయన బహిరంగంగా క్షమాపణ కోరారు. అయినా కోపం చల్లారలేదు. 2016లో ఇస్లామాబాద్ విమానాశ్రయంలో ఆయనపై చేయి కూడా చేసుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 7న విమాన ప్రమాదంలో భార్యతో సహా మరణించారు.

పుంగనూరు తల్లి 2014లోనే ఆ నాఅత్‌లన్నిటినీ ఫోనులో నుంచి తీసివేసింది. అది ఆమె ఇష్టం, ఆమె ప్రేమకు నిదర్శనం కూడా. అయితే ఆయన మరణవార్త వచ్చిన రాత్రి "తగిన శాస్తి జరిగింది" అని ఆమె నోట వచ్చిందట. పక్కనే ఉన్న కూతురు "అమ్మీ, నాకు నిద్రపుచ్చిన గొంతు అది" అని ఏడ్చింది. ఈ సంగతి మాకు చెప్పినది ఆ తల్లే, తల వంచుకుని.

ఇక్కడ హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్ (రజి) వృత్తాంతం స్మరించడం సముచితం. ఆయన దైవప్రవక్త (స) కవి. అవిశ్వాసులు కవిత్వంతో దూషిస్తే, కవిత్వంతోనే బదులు ఇచ్చిన వారు. అంతటి వారు 'ఇఫ్క్' సంఘటనలో, హజ్రత్ ఆయిషా (రజి)పై వచ్చిన అపనిందను పలికిన వారిలో చేరిపోయారు. ఆ నింద అబద్ధమని స్వయంగా అల్లాహ్ ప్రకటించాడు. ఎన్నో ఏళ్ళ తరువాత హజ్రత్ ఆయిషా (రజి) ఎదుట, ఆమె అక్క కుమారుడు ఉర్వా, హస్సాన్‌ను నిందించబోయారు. ఆమె వారించారు. దైవప్రవక్త (స) పక్షాన నిలబడి మాట్లాడిన వాడు కదా అని గుర్తు చేశారు. గాయపడినది ఆమె! ఆమె తరఫున కోపగించుకున్న వారు ఆమె కంటే ఎక్కువ కోపం చూపదలిస్తే, ఆ కోపం ఎవరి కోసమో ఒకసారి ఆలోచించాలి.

కుప్పంలో మాటల తీరు కొంత తేలికగానే సాగింది. చెన్నై - బెంగుళూరు రైలు మార్గంలోని ఊరు కావడంతో అక్కడి మన ఇళ్ళలో దక్కనీ, తెలుగు, తమిళం కలిసే పారుతుంటాయి. ఏ.ఆర్.రహమాన్ అక్కడ పరాయివాడు కాడు. 2015లో ఇరాన్ దర్శకుడు మాజిద్ మాజిదీ దైవప్రవక్త (స) బాల్యంపై తీసిన చిత్రానికి రహమాన్ సంగీతం సమకూర్చగా, ముంబయిలోని రజా అకాడమీ వారు ఆయనపై ఫత్వా వెలువరింపజేశారు. తాను ఆ చిత్రానికి దర్శకుడిని గాని, నిర్మాతను గాని కానని, సదుద్దేశంతోనే పని చేశానని ఆయన బదులు ఇచ్చారు. ప్రవక్త (స) జీవితాన్ని తెరకెక్కించడంపై ఉన్న అభ్యంతరం చిన్నది కాదు. మేమూ దానిని తేలికగా తీసుకోము. ఆ సంగతి కుప్పంలో ఎత్తగానే ఒక ఇంటి పెద్ద కొడుకు, తాను రహమాన్‌ను విడిచిపెట్టినది అప్పుడేనని గంభీరంగా చెప్పాడు. తమ్ముడు పగలబడి నవ్వాడు. "భాయ్, అబద్ధం చెప్పకు. అంతకు రెండేళ్ళ ముందే కొత్త పాటలు పాతవాటిలా లేవని నువ్వే మానేశావు. ఫత్వా తరువాత వచ్చింది!" అన్నాడు. అన్న కాసేపు బిగుసుకుని, ఆపైన తనూ నవ్వేశాడు.

మోజు తీరిపోవడం పాపం కాదు. మోజు తీరిన సంగతికి తఖ్వా అనే పేరు పెట్టుకుంటేనే చిక్కు. అవతల ఉన్నది కూడా ముస్లిమే అయినప్పుడు, అతని ఈమాన్‌ను తూచే తక్కెడ మన చేతికి వచ్చినట్లు మాట్లాడడం ఎంత సులువో!

ఆ ఇంట్లో వచ్చే నెల చెల్లెలి నికాహ్ ఉంది. ఎవరి పాటలు పెట్టాలన్న చర్చ నడుస్తోంది. ఈద్ నాడు దైవప్రవక్త (స) ఇంట ఇద్దరు బాలికలు పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ (రజి) కోపగించడం, ప్రవక్త (స) వారిని పాడనివ్వమనడం - ఆ హదీసును ఇంటి ఆడపిల్లలు ఎక్కడో చదివి పెట్టుకున్నారు. స్పీకర్లు వద్దు, మేమే పాడుతాం, దఫ్ మాత్రం తెప్పించండి అన్నారు. పెద్దన్న ఒప్పుకున్నాడు. దఫ్ కోసం వాణియంబాడిలో విచారిస్తున్నారట.