లింక్ ఒక్కటే చాలదు



జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో సొంత మాడ్యూళ్ల వాడకంపై గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. కొత్తవాళ్లకు పనికొచ్చే వ్యాసమే. కానీ ‘ఎన్‌పీఎం లింక్ ఉంటే చాలు’ అన్న మాట నేను ఒప్పుకోలేను.

మాడ్యూల్ ఫోల్డర్‌ను ప్రాజెక్టుకు కలిపే ఆ లింక్ మన కంప్యూటర్‌కే పరిమితం. ప్యాకేజ్ డాట్ జేసన్‌లో దాని ఊసే ఉండదు. పక్క సీటులోని మిత్రుడు కోడ్ దించుకుంటే అతనికి మాడ్యూల్ దొరకదు. మన దగ్గరే మళ్లీ ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే లింక్ తెగిపోవచ్చు.

రియాక్ట్ కాంపొనెంట్ల మాడ్యూల్‌ను ఇలాగే లింక్ చేసి, ‘ఇన్‌వాలిడ్ హుక్ కాల్’ అనే ఎర్రర్‌తో ఒక రోజంతా కుస్తీ పట్టాను. హుక్‌లన్నీ సరిగ్గానే ఉన్నాయి. మాడ్యూల్ ఫోల్డర్‌లో ఒక రియాక్ట్, యాప్‌లో ఇంకో రియాక్ట్! రెండు కాపీలు లోడవడమే అసలు జబ్బు. మాడ్యూల్‌లో రియాక్ట్‌ను పీర్ డిపెండెన్సీగా రాసినా, ఆ ఫోల్డర్‌లో కాపీ మిగిలి ఉంటే చిక్కు వదలదు.

ఇలా లింక్ చేయడం కంటే వర్క్‌స్పేసెస్ మేలు. యార్న్‌లో 2017 నుంచి, ఎన్‌పీఎంలో 2020లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి ఇవి ఉన్నాయి. మాడ్యూళ్ల ఫోల్డర్లను పై స్థాయి ప్యాకేజ్ డాట్ జేసన్‌లో రాస్తే, ఒక్క ఇన్‌స్టాల్‌తో అందరి దగ్గరా ఒకే అమరిక వస్తుంది. వెర్షన్ నంబర్లు మాత్రం సరిచూసుకోవాలి. అడిగిన వెర్షన్ మన ఫోల్డర్‌లో లేకపోతే ఎన్‌పీఎం బయటి రిజిస్ట్రీలో వెతుకుతుంది.

మాడ్యూల్‌ను పబ్లిష్ చేసేముందు ఎన్‌పీఎం ప్యాక్‌తో ఫైలు కట్టి, దాన్నే ఇన్‌స్టాల్ చేసి చూడాలి. ప్యాకేజీలో చేరని ఫైళ్లు అప్పుడే బయటపడతాయి.

వచ్చే సంచికలో వర్క్‌స్పేసెస్ గురించి వివరంగా రాయించమని మనవి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్