పరిశోధన సరే, ప్రసంగం నేర్పేదెవరు?

దేశంలో పీహెచ్‌డీ విద్యార్థుల సంఖ్య 2014-15లో 1.17 లక్షలు కాగా, 2021-22 నాటికి 2.12 లక్షలకు చేరినట్లు అఖిల భారత ఉన్నత విద్యా సర్వే తెలిపింది. వీరిలో పాఠశాల చదువు మాతృభాషలో సాగించినవారు, తమ కుటుంబం నుండి తొలిసారిగా విశ్వవిద్యాలయం గడప తొక్కినవారు తక్కువేమీ కాదు. భాషాశాఖలను మినహాయిస్తే వీరిలో చాలామంది తమ పరిశోధన ఫలితాలను పండితుల సభలో ఇంగ్లీషులోనే వినిపించవలసి ఉన్నది. వినిపించి తీరాలన్న నిబంధనలకు కొదవ లేదు. ఎలా వినిపించాలో నేర్పే ఏర్పాటు మాత్రం అరుదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016 నిబంధనలు సిద్ధాంత గ్రంథం సమర్పించేలోగా ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాలనీ, సదస్సులలో రెండు పత్రాలు సమర్పించాలనీ శాసించాయి. రుజువుగా ధ్రువపత్రం చూపితే చాలు. దాంతో రుసుము తీసుకుని పది నిమిషాల వ్యవధి, ఒక ధ్రువపత్రం ఇచ్చే సదస్సులు పుట్టుకొచ్చాయి. తెరపై ఉన్నదానిని అక్షరం పొల్లుపోకుండా చదివి దిగిపోవడమే సమర్పణ అయింది. 2022 నిబంధనలలో ఈ షరతును తొలగించడం మంచిదే. అయితే తంతు తొలగినంత మాత్రాన విద్య అబ్బదు కదా!

2019లో పరిశోధన, ప్రచురణ నైతికతపై రెండు క్రెడిట్ల కోర్సును సంఘం తప్పనిసరి చేసింది. 2022 నిబంధనలు బోధనలోనూ, రచనలోనూ శిక్షణ కావాలన్నాయి. పరిశోధకులు జనరంజక వ్యాసాలు రాసేలా ప్రోత్సహించేందుకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2018లో ‘అవసర్’ పోటీని ప్రారంభించింది. అన్నీ కలం చుట్టూ తిరిగేవే. బొంబాయి ఐఐటీ వంటి సంస్థలలో పరిశోధకులకు భావప్రకటన కోర్సు ఉన్నా, అధ్యాపకుల కొరతతో సతమతమయ్యే రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో అంతటి వెసులుబాటు ఏది?

ఉన్నచోట కూడా శిక్షణ తరచు ఉచ్చారణ దిద్దడంతోనే సరిపోతున్నది. ఇది రోగమొకటి, మందొకటి చందం. వ్యాకరణం అంతంతమాత్రంగా ఉన్న వక్త కూడా చెప్పవలసిన సంగతిని క్రమంలో చెబితే సభ వింటుంది. మన విద్యార్థి సాధారణంగా చేసే పొరపాటు వేరు. వేదికనలంకరించిన పెద్దలను పేరుపేరునా సంబోధించడంతో రెండు నిమిషాలు, పూర్వ పరిశోధనల జాబితాతో మరో ఐదు నిమిషాలు గడుస్తాయి. తాను కనుగొన్న విషయానికి వచ్చేసరికి అధ్యక్షుని గంట మోగుతుంది. నాలుగేళ్ల శ్రమలో ఏ ఒక్క ఫలితాన్ని పది నిమిషాలలో ఇమడ్చాలో నిర్ణయించుకోవడం భాషా సమస్య కాదు, ఆలోచనా సమస్య.

భాష అక్కరకు వచ్చే చోట్లు లేకపోలేదు. ఫలితాలు ఒక విషయాన్ని ‘ప్రూవ్’ చేస్తున్నాయనడానికీ, ‘సజెస్ట్’ చేస్తున్నాయనడానికీ శాస్త్రలోకంలో చాలా అంతరం ఉన్నది. మొదటి మాట తొందరపడి వాడినవాడిని సభ నిలదీస్తుంది. అసలు పరీక్ష ప్రశ్నోత్తరాల వేళ ఎదురవుతుంది. కంఠస్థం చేసిన పాఠం అక్కడ పనికిరాదు. ప్రశ్న అర్థం కానప్పుడు మరొకసారి చెప్పమని అడగడం, ఈ అంశం నా పరిశోధన పరిధిలోకి రాదని మర్యాదగా చెప్పడం నేర్చుకుంటే వచ్చేవే. అవి రాక మౌనం వహించిన విద్యార్థికి విషయమే తెలియదని సభ తీర్పు చెబుతుంది. గ్రామీణ విద్యార్థికి ఉద్యోగ ఎంపికలోనూ, ఫెలోషిప్ ఇంటర్వ్యూలోనూ ఎదురవుతున్న అన్యాయం ఇదే.

ఇందుకు భారీ నిధులు అక్కరలేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో ప్రారంభించిన పోటీలో విద్యార్థి తన సిద్ధాంతాన్ని ఒకే స్లైడుతో మూడు నిమిషాలలో వివరించాలి. ఈ పద్ధతిని తరువాత అనేక దేశాలు అనుసరించాయి. మన వద్ద ఇంగ్లీషు అధ్యాపకుల శిక్షణ కోసం 1958లో హైదరాబాదులో వెలసిన కేంద్ర సంస్థ 2007లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైంది. ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాల పరిశోధకులకు దాని అనుభవం అందించడం అసాధ్యమేమీ కాదు.

అన్నిటికీ మించి, ప్రతి సెమిస్టరులోనూ పరిశోధక విద్యార్థి సలహా సంఘం ముందు తన ప్రగతిని వివరించాలని 2022 నిబంధనలే చెబుతున్నాయి. నాలుగేళ్లలో ఎనిమిది అవకాశాలన్నమాట. వాటికి తోటి విద్యార్థులను కూడా పిలిచి, ప్రశ్నలడగనిచ్చి, చివర పదిహేను నిమిషాలు ప్రసంగంలోని లోటుపాట్లను చర్చిస్తే వేరే కోర్సు కోసం ఎదురుచూడనక్కరలేదు. ప్రస్తుతం పలుచోట్ల ఆ సమావేశం ‘ప్రగతి సంతృప్తికరం’ అన్న ఒక్క వాక్యంతో, సభ్యుల సంతకాలతో ముగుస్తున్నది.